పొగమంచులో వినిపించిన కుర్రాడు

“కళ్లు మూసుకుంటేనే ఆట బాగా అర్థమవుతుందని ఎవరైనా అంటే ఒకప్పుడు నేనూ నవ్వేదాన్నే. నువ్వు నవ్వకు. ఆ సూపులో ఇంకాస్త మిరియాలపొడి వెయ్యి. ఇంతకీ ఎక్కడున్నాను?”

“పొగమంచు దగ్గర, పిన్నీ.”

“ఆ. బుధవారం ఆ పొగమంచే పట్టకపోయుంటే క్వేతా, ఈపాటికి నేను అందరూ రాసే పేరే రాసిచ్చి, ఇంటికెళ్లి రేగుపళ్ల జామ్ కలుపుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు చూడు, రాత్రంతా కన్ను మూయలేదు. ఇది వయసు కాదే. ఆనందం.”

లిబూషే పిన్ని మాట్లాడుతున్నంతసేపూ సూపు ముట్టదు. అది చల్లారిపోయాక ఒక్క గుక్కలో తాగేసి, వేడిగా ఇవ్వలేదని నన్ను ఆడిపోసుకుంటుంది. ఈ శనివారం పొద్దున కూడా అంతే. ఆట మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. నా క్యాంటీన్ కిటికీలోంచి ఖాళీ ఐసు మీద దీపాలు మెరుస్తున్నాయి. పిన్ని వాటికేసి చూస్తూ, చెంచా గాల్లో ఊపుతూ మాట్లాడుతోంది.

ఆగస్టులో మా ఊరి ఎండ ద్రాక్షతోటలకు మంచిదేమో గానీ మనుషులకు కాదు. అదే నెలలో ఇక్కడ పద్దెనిమిదేళ్ల లోపు కుర్రాళ్ల ఐస్ హాకీ పోటీలు జరుగుతాయి. సగం ఆటలు మా ఊళ్లో, సగం సరిహద్దు దాటగానే వచ్చే స్లొవాక్ ఊళ్లో. నిక్కరూ చెప్పులూ వేసుకుని, చేతిమీద చలికోటు వేలాడేసుకుని ఎవరైనా ఎండలో నడుస్తుంటే వాళ్లు స్కౌట్లని మా ఊరి చంటిపిల్లలకు కూడా తెలుసు. సముద్రం అవతలి పెద్ద క్లబ్బుల తరఫున వచ్చి, ఈ కుర్రాళ్లలో రేపు ఎవడు నిలబడతాడో ఇవాళే పసిగట్టడం వాళ్ల పని. వాళ్లంతా పై వరసల్లో ఒకేచోట చేరి, కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి ముఖం ఒకరు దొంగచూపులు చూసుకుంటూ కూర్చుంటారు. పిన్ని మాత్రం గోలు వెనక మూలన, గీతల గుడ్డ కుట్టిన తన దిండు వేసుకుని ఒంటరిగా కూర్చుంటుంది. ఆ దిండు లేకపోతే ఆ సీటు ఆమెది కాదన్నట్టు అనిపిస్తుంది మాకు.

ఆమెది మా ఊరు కాదు, చలి ఎక్కువుండే వలాష్ కొండల్లోని ఊరు. చలికాలం రాగానే వాళ్ల నాన్న గాజు ఫ్యాక్టరీ వెనక బీడులో రాత్రుళ్లు నీళ్లు పారించేవాడట. తెల్లారేసరికి అదే ఐసు మైదానం. పిన్ని జుట్టంతా టోపీలో దోపుకుని మగపిల్లలతో ఆడేది. ఒకరోజు కిందపడ్డప్పుడు టోపీ ఊడింది. “ఆడపిల్లవి, నీకు హాకీ ఏంటి, సంగీతానికి తగ్గట్టు గుండ్రంగా తిరగడం నేర్చుకో అన్నారు. వారం రోజులు బొంగరంలా తిరిగాను. కడుపులో తిప్పింది. మానేశాను” అని చెబుతుంది. తర్వాత బళ్లో వ్యాయామం టీచరయింది. కుర్రాళ్లకు హాకీ నేర్పే అలోయిస్ బాబాయిని పెళ్లి చేసుకుంది.

స్కౌటు ఉద్యోగం మొదట బాబాయిది. ఆయనకు నడివయసులోనే చూపు మధ్యలోంచి చెదిరిపోవడం మొదలైంది. ఎదుటి మనిషి ముఖం పోయి చెవులు మాత్రం కనపడేవట. ఆ సంగతి క్లబ్బుకు చెప్పలేక భార్యను వెంట తెచ్చుకునేవాడు. పక్కన కూర్చుని ఆమె ఆట చెప్పాలి, ఆయన వినాలి.

“మొదట్లో రబ్బరు బిళ్ళ ఎవరి దగ్గరుందో చెప్పేదాన్ని. ‘అది రేడియోవాడు చెప్తాడులే, బిళ్ళ లేనివాళ్లంతా ఏం చేస్తున్నారో చెప్పు’ అని విసుక్కునేవాడు. తను మాత్రం తలొంచుకుని స్కేట్ల చప్పుడు వినేవాడు. ‘ఇప్పుడు మన ముందునుంచి పోయినవాడు ఎడమకాలు ఈడుస్తున్నాడు, చూడు’ అనేవాడు. చూస్తే నిజంగానే ఈడుస్తుండేవాడు. నాకు ఒళ్లు మండేది. కళ్లున్నది నాకు కదా.”

కొన్నాళ్లకు సంగతి బయటపడింది. క్లబ్బువాళ్లు కోప్పడలేదు. పోయిన చూపు ఆయనదైనా వస్తున్న కబుర్లు బాగున్నాయి కాబట్టి ఉద్యోగం ఆమెకిచ్చారు. బాబాయి ఇప్పుడు ఇంటి దగ్గర తేనెటీగలు పెంచుకుంటూ, ఆమె ఫోను కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

ఈ ఏడు వచ్చినప్పుడే పిన్ని ముఖంలో కళ లేదు. దిండు బల్లమీద పెట్టి, “దీనికి ఇదే ఆఖరి ఏడేమోనే” అంది. పిన్ని క్లబ్బులో స్కౌట్లందరి మీదా పెద్ద అయిన ముర్డాక్ వేసవి మొదట్లో ఫోను చేశాడట. ప్రతి ఆటా వీడియోలో దొరుకుతోంది, ఊరూరా మనిషిని పెట్టుకోవడం ఎందుకని పైవాళ్లు అడుగుతున్నారన్నాడట. “వీడియోలో మాకు దొరకని కుర్రాణ్ణి ఒక్కణ్ణి చూపించు లిబూషే. నీ తరఫున నేను కొట్లాడతాను. చూపించలేకపోతే నా దగ్గర మాట లేదు” అన్నాడట. ముర్డాక్ చెడ్డవాడు కాదని పిన్నే చెప్పింది. అదే ఆమెకు ఎక్కువ బాధ. చెడ్డవాడైతే రెండు తిట్లు తిట్టి ఊరుకునేది.

బుధవారం మధ్యాహ్నం స్లొవాక్ జట్టుకూ ఫిన్లండ్ జట్టుకూ ఆట. బయట కాకులు కూడా అరవలేని ఎండ. సరిగ్గా అప్పుడే నా క్యాంటీన్‌కు కోఫోలా కూల్‌డ్రింకు పీపాలు వచ్చాయి. తెచ్చినవాళ్లు వెనకవైపు పెద్ద తలుపు బార్లా తెరిచి, దానికి ఒక పీపా అడ్డం పెట్టి, మిగతావి ఎవరు మోయాలని వాదులాటలో పడ్డారు. ఆ తలుపు తెరిస్తే తిన్నగా ఐసే. వేడిగాలి లోపలికి వెల్లువలా వచ్చింది. తేమ లాగే యంత్రం అసలే ముసలిది, గురగురమని చేతులెత్తేసింది.

ముందు ఐసు మీద పాలమీగడలా ఒక పొర కట్టింది. చూస్తుండగానే మోకాళ్లు పోయాయి, నడుములు పోయాయి, చొక్కాల మీది నంబర్లు పోయాయి. తెల్లటి దూది మీద హెల్మెట్లు మాత్రం అటూ ఇటూ దొర్లుతున్నాయి. రిఫరీ ఏం చేయాలో పాలుపోక కాసేపు ఆట సాగనిచ్చాడు. పై వరసల్లోని స్కౌట్లంతా నవ్వుకుంటూ సాసేజ్‌ల కోసం నా దగ్గరికి దిగొచ్చారు. కెమెరాలవాడు కెమెరా మీద తువ్వాలు కప్పేశాడు.

పిన్ని ఒక్కతే లేవలేదు. దూరం నుంచి చూస్తే నిద్రపోతోందనుకున్నాను. కళ్లు మూసుకుని, ఫోను ఐసు చుట్టూ ఉండే అద్దానికి ఆనించి పట్టుకుని ఉంది. ఫోనులో అవతల బాబాయి, వింటూ.

చివరికి రిఫరీ ఆట ఆపి రెండు జట్లనూ ఐసు మీద గుండ్రంగా తిరగమన్నాడు. అందరూ తిరిగితే గాలి కదిలి పొగమంచు చెదురుతుంది. ఈలోగా స్టేడియం మేనేజరు బొహోష్ వెనక్కి పరుగెత్తి, పీపాలవాళ్లను తరిమి, తలుపు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. “ఆట జరుగుతుండగా ఆ తలుపు ఇంకోసారి తెరుచుకుందో, క్వేతా, నీ సాసేజ్‌లు నువ్వే రోడ్డుమీద అమ్ముకోవాలి” అన్నాడు.

ఆట అయిపోయాక పిన్ని వచ్చిన తీరు నేనింకా మరిచిపోలేదు. దిండు సీట్లోనే మర్చిపోయి వచ్చింది.

“విన్నావా, విన్నావా క్వేతా. అందరూ గుడ్డివాళ్లయిపోయారు. బిళ్ళ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఆ పాల సముద్రంలో ఒక్క గొంతు మాత్రం ఆగకుండా చెప్తూనే ఉంది. ‘వెనక ఒకడు. టైముంది, తిప్పు. గోడకు వెయ్యొద్దు, మధ్యలో మిలాన్ ఉన్నాడు.’ వాడు చెప్పినచోటికల్లా బిళ్ళ వెళ్లింది. ఫిన్లండ్ కుర్రాళ్లు ఒక్కసారి కూడా గోలు దగ్గరికి రాలేదు. వాడికి తప్ప ఇంకెవరికీ కనపడటం లేదే.”

“ఎవరి గొంతు పిన్నీ?”

“కెప్టెన్‌ది. ఒరావెత్స్‌ది. ఇంకెవరిదవుతుంది?” అంటూనే ముర్డాక్‌కు ఫోను కలిపింది. ఒరావెత్స్ ఆరడుగుల పైన ఉంటాడు, అతని పేరు ఇప్పటికే అందరి నోటా నానుతోంది. అయినా ఇన్నాళ్లూ ఎవరూ చూడని గుణం అతనిలో తను చూశానని, కాదు విన్నానని, పిన్ని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఆ సాయంత్రం బాబాయి ఫోనులో ఒక మాట అన్నాడట. “అది కెప్టెన్ గొంతు కాదేమోనే. కెప్టెన్లు ఇది చెయ్యి, అది చెయ్యి అంటారు. వీడు ఎవడు ఎక్కడున్నాడో చెప్తున్నాడంతే.” పిన్ని కొట్టిపారేసింది. ఛాతీ మీద కెప్టెన్ అక్షరం కుట్టుకున్నవాడే మాట్లాడతాడని ఈ ఆటలో పుట్టి పెరిగినవాళ్లందరి లెక్క. గొంతు వినపడితే చాలు, కళ్లు ఆ అక్షరాన్ని వెతుక్కుంటాయి.

గురువారం స్లొవాక్ జట్టుకు మరో ఆట. పిన్ని తన మూల వదిలి, ఆ జట్టు బెంచీ వెనకే కూర్చుంది. ఐసు అద్దంలా ఉంది, అంతా స్పష్టం. ఒరావెత్స్ బాగానే ఆడాడు. కానీ ఆట మొత్తంలో నోరు విప్పింది రిఫరీతో గొడవకే.

పిన్ని క్యాంటీన్‌కు వచ్చి కూలబడింది. “పెద్దమనిషికి ఫోను చేసి మరీ చెప్పానే. ఒక్క అవకాశం ఇచ్చాడు, దాన్ని చొక్కా మీది అక్షరానికి తగలేశాను. ఇప్పుడు ఆ గొంతు ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కణ్ణీ పిలిచి అరవమననా?”

ఆమెను ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని నోటికొచ్చిన కబురు మొదలుపెట్టాను. “పోనీలే పిన్నీ, టీ తాగు. తేనె వేస్తాను. నిన్న ఆట కాగానే ఆ స్లొవాక్ పిల్లాడొకడు వచ్చి ఇదే అడిగాడు. పాపం, గొంతు పూర్తిగా పోయింది. మాట రాక వేలితో తేనె సీసా చూపించాడు. ఈ ఎండలో జలుబేంట్రా అంటే తల అడ్డంగా ఊపి నవ్వాడు…”

పిన్ని కప్పు కింద పెట్టేసింది. “ఎలా ఉంటాడు?”

“పొట్టిగా. నా భుజం దాకా. చెవులు బయటికి ఉంటాయి. చొక్కా మీద ఇరవైమూడు అనుకుంటా.”

“నిన్నటినుంచి ఈ మాట కడుపులో పెట్టుకుని సాసేజ్‌లు అమ్ముతున్నావా నువ్వు?” అని, నా సమాధానం వినకుండానే బయటికి పరుగెత్తింది. అరవై దాటిన మనిషి మెట్లు రెండేసి దిగడం అప్పుడే చూశాను.

ఆ ఇరవైమూడు పేరు కొర్నెల్ వ్రాబెల్. డిఫెన్సులో ఆఖరివాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప కోచ్ అతణ్ణి ఐసు మీదికి పంపడం లేదు. బుధవారం ఇద్దరు కుర్రాళ్లు కాలు పట్టేసి కూర్చోవడంతో, సరిగ్గా ఆ పొగమంచు పట్టిన సమయానికి అతను ఆటలో ఉన్నాడు. కెమెరాకు తువ్వాలు కప్పిన సమయానికి.

శుక్రవారం పొద్దున జట్టు సాధన చేసుకుంటుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. “కళ్లు మూసుకో” అంది. పొయ్యి మీద సూపుందంటే వినలేదు. మూసుకున్నాను. మొదట అంతా ఒకటే గోల. స్కేట్లు ఐసును చెక్కుతున్న కరకర, కర్రలు బిళ్ళను కొట్టే టకటక, కోచ్ కేకలు. కాసేపటికి వాటి కింద, బొంగురుగా, ఇంకా పూర్తిగా కోలుకోని గొంతు ఒకటి పట్టుకుంది నన్ను. “ఎడమన ఖాళీ. నీ వెనక నేనున్నా, వదిలెయ్. వస్తున్నాడు, వస్తున్నాడు, ఇప్పుడు ఇవ్వు.” ఏ తొందరా లేదు ఆ గొంతులో. చీకట్లో వంటింట్లో వస్తువులెక్కడున్నాయో చెప్పే ఇంటావిడ గొంతులా ఉంది. నాకు హాకీ గురించి తెలిసింది తక్కువ. అయినా బిళ్ళ ఎటు పోతోందో నాకూ తెలిసిపోయింది.

కళ్లు తెరిస్తే, పక్కన పిన్ని చెంపలు తడిసి ఉన్నాయి. “తెరిచావా? ఇప్పుడు చూడు, ఏం కనిపిస్తోంది?”

చూశాను. పొట్టి కుర్రాడు. మిగతావాళ్ల కంటే అరడుగు వెనక. మలుపు తిరిగేటప్పుడు కాస్త వెడల్పుగా తిరుగుతున్నాడు. గొంతు కనబడదు కదా.

“అదే నా తంటా” అంది పిన్ని. “కళ్లున్నవాళ్లంతా చూసేస్తారు. చూశాక వినరు.”

మధ్యాహ్నం ముర్డాక్‌కు ఫోను చేసి, కెప్టెన్ కాదు, ఇరవైమూడు అని ఒప్పుకుంది. అవతల నవ్వు. నాకు వినపడేంత గట్టిగా నవ్వాడు. “లిబూషే, అతని వీడియో అంతా కలిపినా నా కాఫీ చల్లారేలోపు అయిపోయింది.”

“అందుకే మీరు రావాలి. రేపు వాళ్లకు ఏడో స్థానం కోసం ఆట. దానికి కోచ్ అందర్నీ ఆడిస్తాడు.”

“రేపు అదే సమయానికి సరిహద్దు అవతల ఫైనల్. ఏడో స్థానం ఆటకు ఆ కుర్రాళ్ల అమ్మానాన్నలు తప్ప ఎవరొస్తారు?”

“మీరొస్తారు” అంది పిన్ని. ఆ మాట అన్నాక ఫోను చేత్తో మూసి, ఊపిరి బిగబట్టింది.

వస్తానన్నాడు. మూడు భాగాల ఆటలో మొదటి భాగం మాత్రమే చూస్తాడు. అది కాగానే కారెక్కి ఫైనల్‌కు వెళ్లిపోతాడు.

ఆ శనివారమే ఇది. పిన్ని చల్లారిన సూపును ఒక్క గుక్కలో తాగి, “ఇంత చల్లగా ఎవరిస్తారే?” అని గిన్నె నావైపు నెట్టింది. అంతలో ముర్డాక్ వచ్చాడు. పెద్ద శరీరం, ఎండకు కందిన మెడ, చేతిమీద కోటు. మా భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు.

“ఏం లిబూషే, ఇవాళ ఎన్నో నంబరు?”

“ఇరవైమూడే. ఇక మారదు.”

“అతనిలో నేనేం చూడాలి?”

“చూడటానికేం లేదు. పొట్టివాడు, మలుపుల్లో మందం. మీకు చూపించడానికి ఏమైనా ఉంటే వీడియోలోనే దొరికేవాడు. మీరు వినాలి.”

ముర్డాక్ నావైపు తిరిగి, “ఈవిడ నన్ను కచేరీకి పిలిచింది” అన్నాడు. నేను కాఫీ ఇచ్చాను. ఆయన తాగుతూనే పిన్ని ముఖాన్ని పరీక్షగా చూశాడు. ఆటపట్టించే చూపు కాదది. “నేను వింటాను. ప్రయత్నిస్తాను. కానీ ముప్ఫైయేళ్లుగా కళ్లతోనే బతికాను. నాకు కనపడేది కనపడకుండా పోదు. నిజం చెప్పాలంటే పైవాళ్లకు చెప్పడానికి నాకు ఒక్క మంచి కారణం కావాలి. దొరికితే నీకంటే ముందు సంతోషించేది నేను.” కప్పు పెట్టి, మెట్లెక్కి, పిన్ని మూలకే వెళ్లి ఆమె దిండు పక్కన కూర్చున్నాడు.

జట్లు ఐసు మీదికి వచ్చాయి. ఇరవైమూడు మొదటి వరసలోనే ఉన్నాడు. గోలు దగ్గర నిలబడి హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. పిన్ని కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, కాసేపు వాణ్ణి చూసింది. తర్వాత ముర్డాక్‌ను చూసింది. ఆయన చేతులు కట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, ఎవరెంత పొడుగున్నారో, ఎవరి కాళ్లు ఎంత చురుగ్గా కదులుతున్నాయో అప్పుడే కొలిచేస్తున్నాడు.

“పాపం, మంచివాడు. వినాలనే వచ్చాడు” అంది పిన్ని. “ఆ కళ్లే అడ్డం.”

ఆమె మెల్లిగా నావైపు తిరిగింది. ఆ కళ్లలో మెరుపు చూడగానే నా చెయ్యి ఏప్రాన్ జేబులోని తాళంచెవి మీదికి పోయింది.

“పిన్నీ, వద్దు. బొహోష్ నన్ను బతకనివ్వడు.”

“బొహోష్ ఫైనల్‌కు వెళ్లాడు. ఇందాక కారెక్కుతుంటే నేనే టాటా చెప్పాను. బయట ఎండ ఎలా ఉంది?”

“మండిపోతోంది.”

“మంచిది. ఇక్కడ నీకు ఉక్కగా లేదూ? నాకైతే ఊపిరాడటం లేదు. వెళ్లు తల్లీ, ఆ వెనక తలుపు కాస్త తెరిచి రా. ఎవరైనా అడిగితే కోఫోలా పీపాలు వచ్చాయని చెప్పు. బార్లా వద్దు, పిల్లలు పడిపోతారు. మంచు నడుం దాకా వస్తే చాలు.”